సముద్రానికి ఆరు గంటల దూరంలో

కుక్కరక్కకి కోపం వస్తే ఆ సంగతి లాండ్రీలోనే ఉండిపోదు. లాండ్రీ ఉండేది హాస్పిటల్ వెనకాల, బాయిలర్ గది పక్కన, నేలకి నాలుగు మెట్లు కింద. అక్కడ ఆవిడ గొంతు లేచిందంటే మూడో అంతస్తులో నర్సులు "అదిగో, ఒకటో విజిల్" అనుకుంటారు. రెండో విజిల్ దాకా పర్లేదు. మూడోది కూడా వచ్చిందంటే మాసిన దుప్పట్ల బండి తోసుకొచ్చినవాళ్లు దాన్ని గుమ్మం దగ్గరే వదిలేసి పిల్లిలా జారుకుంటారు.

ఆవిడ పని రోలర్ దగ్గర. తడి దుప్పటి ఇటు పెడితే, కాలే ఇనప రోలర్ల మధ్య నలిగి, అటు పక్క అప్పడంలా సాపుగా బయటికొస్తుంది. రోజుకి ఆరువందల దుప్పట్లు, ఇరవై తొమ్మిదేళ్లు. అందుకే ఆవిడ చేతులకి ఒక జబ్బు పట్టుకుంది. ముడత కనిపిస్తే ఊరుకోలేవు. బస్సులో పక్కావిడ చీర కుచ్చిళ్లు, బడ్డీకొట్లో పేపరు, ఎవరింటికన్నా వెళ్తే సోఫా గుడ్డ, ఏదైనా సరే అరచేత్తో ఒక్క రుద్దు రుద్దాల్సిందే. మొగుడు చొక్కా తొడుక్కున్నాక కూడా వెనక నుంచి వీపు మీద రుద్ది పంపిస్తుంది. ఆయన బస్సు డిపోలో అందరికీ చెప్పుకుంటాడు, "మా ఇంట్లో నన్ను కూడా మడతపెట్టి బీరువాలో పెట్టేస్తారు ఏదో ఒకరోజు" అని.

ఈ ఉద్యోగంలో ఆవిడని పెట్టించింది వాళ్ల వదిన. అంటే మొగుడికి సొంత అక్క. పెళ్లయిన మూడో నెలలో చెయ్యి పట్టుకుని ఆ నాలుగు మెట్లూ దింపింది. దుప్పటి కొసలు ఎలా పట్టుకోవాలో, వేడి ఎలా చూసుకోవాలో ఆవిడే నేర్పింది. వదిన పని లెక్క. వచ్చిన దుప్పట్లెన్ని, పోయినవెన్ని, ఏ మిషను ఆగింది, ఎవరికి చెప్పాం, అన్నీ ఒక లావుపాటి పుస్తకంలో రాసి ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఆ తాళంచెవి మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది. ఆవిడ లాండ్రీకి వచ్చి ముప్ఫై మూడేళ్లయింది. ఇన్నేళ్లూ నిలబడే రాసింది. ఎందుకంటే లాండ్రీలో ఇంతవరకూ ఒక్క కుర్చీ వెయ్యలేదు.

ఇంకో ఇద్దరున్నారు. దుప్పట్ల వ్యాను నడిపే డ్రైవరమ్మ ఒకరు. ఉతికే మిషన్లు చూసుకునే చిన్నది ఇంకొకరు. చిన్నదంటే చిన్నదేం కాదు, ముప్ఫై నాలుగేళ్లు, కానీ నలుగురిలో చిన్నది కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

ఏడు నెలల కింద రోలర్ కుక్కరక్క ఎడమ చేతిని లాగేసింది. వేళ్లు లోపలికి పోకుండా ముందు ఒక అడ్డు కడ్డీ ఉంటుంది. అది విరిగి అప్పటికే నాలుగు నెలలు. వదిన ఐదుసార్లు పుస్తకంలో రాసింది, ఐదుసార్లూ రిపేరు సెక్షన్ వాళ్లు కింద "చూశాం" అని సంతకం పెట్టి పోయారు. చూశారు, అంతే. ఆ చేతికి మూడు వేళ్లు ఇప్పుడు వంగవు. నలభై రోజులు ఇంట్లో ఉండి కుక్కరక్క మళ్లీ అదే రోలర్ దగ్గరికొచ్చి నిలబడింది. అప్పటికీ కడ్డీ లేదు.

ఈమధ్యే ఒక కాగితం వచ్చింది. పనివాళ్ల అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది కాబట్టి లాండ్రీని బయటి కంపెనీకి అప్పజెబుతున్నామని, నలుగురూ ఇష్టపూర్వకంగా మానేస్తున్నట్టు సంతకాలు పెట్టాలని. ఆలోచించుకోవడానికి పది రోజులు సెలవంట.

"అజాగ్రత్తా?" అంది కుక్కరక్క. "ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క దుప్పటి మాడ్చానా నేను? ఒక్కటి? చెయ్యి కాల్చి, పైగా నాదే తప్పని నా చేతే రాయిస్తారా? పదండి, ఆ పుస్తకం పట్టుకుపోయి సూపరింటెండెంటు బల్ల మీద పడేద్దాం."

"తొందరపడకు మరదలా" అంది వదిన. "పదో రోజు అందరం కలిసి పోదాం. పుస్తకం ఎక్కడికి పోతుంది, తాళం నా మెళ్లోనే ఉందిగా. ఈలోగా ఆ సముద్రం ఏదో చూసొద్దాం. పదేళ్ల నుంచి అనుకుంటున్నాం."

నిజమే, పదేళ్ల నుంచి అనుకుంటున్నారు. దేశం ఈ చివరన వీళ్లు, ఆ చివరన సముద్రం. నలుగురిలో ఒక్కరు కూడా చూడలేదు. డ్రైవరమ్మకి సొంతంగా ఒక పాత వ్యాను ఉంది, చిన్నది ఎవరి దగ్గరో డేరా ఒకటి అడిగి తెచ్చింది, శనివారం పొద్దున్నే బయల్దేరారు.

బయల్దేరిన గంటకే ఒకటో విజిల్ పడింది. డ్రైవరమ్మ పద్నాలుగేళ్లుగా హాస్పిటల్ గేట్ల మధ్యే బండి నడిపిన మనిషి. పెద్ద రోడ్డు మీద కూడా అదే నడక. స్ట్రెచర్ అడ్డొస్తుందేమో అన్నట్టు ప్రతి మలుపులో మూడు హారన్లు కొట్టి, ఆగి, అటూ ఇటూ చూసి, అప్పుడు తిప్పుతుంది.

"ఏమ్మా, ఇక్కడ పేషెంట్లు లేరు. పోనీ" అంది కుక్కరక్క.

"నా స్టీరింగు, నా ఇష్టం."

"ఇదే స్పీడులో పోతే సముద్రం ఎండిపోయాక చేరతాం."

రెండోరోజు ఒక చెరువు దగ్గర పడవ అద్దెకి తీసుకున్నారు. చిన్నది, డ్రైవరమ్మ ఇద్దరూ ఒకే పక్క కూర్చుని తెడ్లు వేశారు. పడవ ముందుకి పోదే. గానుగెద్దులా అక్కడక్కడే అరగంట తిరిగింది. ఒడ్డున పడవలాయన నవ్వలేక చచ్చాడు. దిగేటప్పుడు వదిన కాలు జారి నడుం లోతు నీళ్లలో కూర్చుండిపోయింది. కుక్కరక్కే బాగున్న చేత్తో రెక్క పట్టి లేపింది, మోకాళ్లు పట్టింది, ముఖం తుడిచింది, తుడుస్తూనే తిట్టింది. "చెప్పానా, చూసుకుని దిగమని చెప్పానా? ఈ వయసులో ఎముక విరిగితే ఎవరు మోస్తారు నిన్ను, నేనేగా?"

మూడోరోజు కొండ ఎక్కారు. పైన జలపాతం ఉందన్నారు. రెండు గంటలు పాక్కుంటూ పోతే రాతి మీద పంపు కారుతున్నట్టు సన్నటి ధార ఒకటి. "మా బాయిలర్ గదిలో లీకు దీనికంటే పెద్దది" అంది డ్రైవరమ్మ. అయినా నలుగురూ దాని కింద తలలు పెట్టి తడిశారు, పిచ్చిగా నవ్వుకున్నారు. కుక్కరక్క కాలిన చేతిని ఆ చల్లటి నీళ్లలో చాలాసేపు ఉంచింది. హాయిగా ఉందని ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కొండ కింద డేరా వేసుకున్నారో లేదో వాన అందుకుంది. కాసేపటికి డేరా లోపలా వానే. బయట కంటే లోపలే ఎక్కువ పడుతోందా అనిపించేంత.

"ఇదేం డేరానే?" అంది కుక్కరక్క. "జల్లెడా?"

చిన్నది నీళ్లు నమిలింది. "తెచ్చినప్పుడు కంపు కొట్టింది అక్కా. అందుకని..."

"అందుకని?"

"మన పెద్ద మిషన్లో వేశా. వేడినీళ్లు, సోడా. రెండుసార్లు."

డేరా గుడ్డకి నీళ్లు దిగకుండా పూత ఉంటుంది. చిన్నది దాన్ని ఆపరేషన్ థియేటర్ గుడ్డల్లా ఉడకబెట్టి పూతంతా శుభ్రంగా వదలగొట్టేసింది. లోకంలో డేరాని ఇస్త్రీ మడత పెట్టి మరీ తీసుకొచ్చే మనుషులు వీళ్లే అయ్యుంటారు.

"మరక కూడా పోయింది అక్కా" అంది చిన్నది మెల్లగా.

"మరక పోయిందా. చాలా సంతోషం. ఆ మరకే కప్పుకుని పడుకునేవాళ్లం" అంది కుక్కరక్క. అది రెండో విజిల్. వ్యానులో ముడుచుకుని తెల్లార్చారు.

మంగళవారం మధ్యాహ్నానికి ఎండ కాసింది. రోడ్డు పక్కన బండరాళ్లు చూసి వ్యాను ఆపారు. ఇంకో ఆరు గంటలు పోతే సముద్రం. ఉత్సాహం పట్టలేక చిన్నది కొనుక్కొచ్చిన ఎర్ర రబ్బరు ట్యూబుని అప్పుడే ఊది పెట్టేసుకుంది. తడిసిన బట్టలన్నీ బయటికి తీశారు. ఇక అక్కడ ఆ నలుగురి పని చూడాలి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు కొసలు పట్టి విదిలించడం, ఒకరు పరచడం, ఒకరు రాళ్లు పెట్టడం. పావుగంటలో ఆ బండలన్నీ వార్డు మంచాల్లా వరసగా తయారయ్యాయి.

వదిన సంచిలో బట్టల అడుగున ఒక కవరు ఉంది. నీళ్లు దిగి ఉబ్బిపోయింది. వదిన కాస్త దూరంలో టీ పెడుతోంది. కుక్కరక్క కవరు విప్పి, లోపలి కాగితం చిరగకుండా తీసి, బండ మీద పరిచి, అలవాటు ప్రకారం అరచేత్తో రుద్దింది. ఒక రుద్దుకి పైసగం సాపైంది. రెండో రుద్దుకి కింద వదిన సంతకం సాపైంది.

చదివింది. మళ్లీ చదివింది.

కంపెనీ పేరు. లాండ్రీ సూపర్‌వైజరు ఉద్యోగం, వచ్చే నెల నుంచి. దాని కింద నాలుగు వరసలు. రోలర్‌కి అడ్డు కడ్డీ ఎప్పుడూ సరిగ్గానే ఉందని, ప్రమాదం అక్కడ పనిచేసే మనిషి అజాగ్రత్త వల్లే జరిగిందని, ఇది తాను కళ్లారా చూశానని. తేదీ చూస్తే వీళ్లు బయల్దేరడానికి నాలుగు రోజుల ముందుది.

"వదినా."

ఆ పిలుపుకే వదినకి అర్థమైపోయింది. టీ గిన్నె దింపి అక్కడే నిలబడింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"కళ్లారా చూశావా? నా చెయ్యి అందులో ఉన్నప్పుడు మిషను ఆపింది నువ్వు. నా చర్మం దుప్పటికి అంటుకుంటే ఊడదీసింది నువ్వు. ఏం చూశావ్ కళ్లారా, చెప్పు."

"అరవకు. రోడ్డు మీదున్నాం."

"అరుస్తాను. రోడ్డు మీద అరుస్తాను, కొండెక్కి అరుస్తాను. అజాగ్రత్త అని వాళ్లు రాస్తే వాళ్ల మీద మండింది. నువ్వు రాశావు. నాకు కొసలు పట్టడం నేర్పిన చేత్తో రాశావు."

డ్రైవరమ్మ వచ్చి కాగితం చూసింది. చిన్నది ట్యూబుని గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది.

వదిన గొంతు కూడా లేచింది. "యాభై ఎనిమిదేళ్లు నాకు. మోకాళ్లు చూశావుగా. ముప్ఫై మూడేళ్లు నిలబడ్డానే. సూపర్‌వైజరుకి కుర్చీ ఇస్తామన్నారు. ఒక బల్ల, ఒక కుర్చీ. ఎలాగూ లాండ్రీ పోతుంది, నలుగురం మునిగే బదులు ఒకరన్నా తేలాలిగా."

"కుర్చీ కోసమా?"

"నీకు తెలీదు ఆ నొప్పి."

"నాకు తెలీదా నొప్పి" అని కుక్కరక్క ఎడమ చెయ్యి ఎత్తి వదిన ముఖం ముందు పెట్టింది. "దీని మీద కూర్చుంటావా వదినా? దీన్ని పరుచుకుని కూర్చుంటావా ఆ కుర్చీలో?"

వదిన ముఖం తిప్పుకుంది.

"మరి ఈ ప్రయాణం ఎందుకు పెట్టావ్? పదో రోజు పోదామని ఎందుకన్నావ్?"

వదిన చెప్పేసింది. శుక్రవారం కంపెనీ వాళ్లొచ్చి లాండ్రీ స్వాధీనం చేసుకుంటారు. పాత పుస్తకాలన్నీ తూకానికి పోతాయి. "నువ్వక్కడుంటే రభస చేస్తావు, మెడపట్టి గెంటిస్తారు. పోయేది ఎలాగూ పోతుంది, ఈలోగా సముద్రమన్నా చూస్తావని..."

"నాకు సముద్రం చూపిస్తావా" అంది కుక్కరక్క. "నా పేరు మీద మట్టి కొట్టి, నాకు నీళ్లు చూపిస్తావా. డ్రైవరమ్మా, బండి తిప్పు."

"ఆరు గంటలే అక్కా ఇంక" అంది చిన్నది ఏడుపుగొంతుతో.

"తెలుసే. ఇటు రెండు రోజులు. ఈరోజు మంగళవారం. తిప్పమ్మా."

డ్రైవరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. ఈసారి హారన్ కొట్టలేదు, ఆగలేదు, అటూ ఇటూ చూడలేదు. ఒక్క తిప్పుకి తిప్పేసింది.

"తాళంచెవి ఇవ్వు" అంది కుక్కరక్క.

"ఇవ్వను" అంది వదిన. "అది ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"నాది పోలేదా?"

"ఇవ్వనన్నానుగా."

లాక్కోవచ్చు. ముగ్గురు ఒక పక్క, మోకాళ్లనొప్పుల మనిషి ఒక్కతి ఒక పక్క. కానీ కుక్కరక్క ఆ పని చెయ్యలేదు. "బీరువా బద్దలుకొడతా" అంది, అంతే. వెనక సీట్లో వీళ్లిద్దరి మధ్య ఆ ఎర్ర ట్యూబు కూర్చుంది. గాలి తియ్యమంటే చిన్నది తియ్యలేదు. సముద్రం ఎలాగూ లేదు, ట్యూబన్నా ఉండనివ్వండి అంది. రెండు రోజులు అలాగే, గొడవపడిన మొగుడూపెళ్లాల మధ్య పెద్దమనిషిలా అది కూర్చుని వచ్చింది.

బుధవారం ఎక్కడో పొలాల మధ్య టైరు పోయింది. బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. డ్రైవరమ్మ స్పానరు మీద ఎక్కింది, లాభం లేదు. చిన్నది ఎక్కింది, జారిపడింది. అప్పుడు వదిన వచ్చి, వ్యాను పట్టుకుని, ఆ బరువైన ఒంటితో స్పానరు మీద నిలబడింది. పడిపోకుండా ఎవరో పట్టుకోవాలి. కుక్కరక్క పట్టుకుంది. పళ్లు నూరుతూ పట్టుకుంది. నాలుగు బోల్టులు ఊడేదాకా ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గురువారం మూడింటికి హాస్పిటల్ వెనక గేట్లోంచి వ్యాను లోపలికొచ్చింది. లాండ్రీలో మిషన్లు ఆపేసి ఉన్నాయి. బాయిలర్ చల్లారిపోయి గదంతా చెమ్మ వాసన. కుక్కరక్క నేరుగా మూలకి పోయి బాయిలర్ గడ్డపార తీసుకొచ్చి బీరువా తలుపు సందులో దూర్చింది. కుడిచేత్తో ఊపితే ఇనుము కిర్రుమంది, పైనుంచి తుప్పు పొడి రాలింది.

"ఆపు" అంది వదిన. "లోపల ఉతికిన దుప్పట్లున్నాయి. తుప్పు పడితే మరక పోదు."

"పోనీ మరకలు. ఎవరికి కావాలి?"

"పిల్లల వార్డువి అవి."

కుక్కరక్క గడ్డపార ఆపింది. ముప్ఫై మూడేళ్లు దుప్పట్లు లెక్కపెట్టిన మనిషికి, తన మరదలి చేతి మీద లేని లెక్క ఆ దుప్పట్ల మీద ఉంది. ఆ ఆలోచన వచ్చేసరికి కుక్కరక్కకి ఇంకా మండింది. వదినే తన మెళ్లోంచి దారం పైకి తీసింది, వంగి, మోకాళ్ల మీద చేతులానించి, తాళం తీసింది. పుస్తకం మాత్రం చేతికివ్వలేదు. తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది. కుక్కరక్కే తీసుకుంది.

సూపరింటెండెంటు గదిలో ఫ్యాను, గాజు బల్ల, బల్ల ముందు రెండు కుర్చీలు. కూర్చోమని ఎవరూ అనలేదు. కుక్కరక్క పుస్తకం తెరిచి ఐదు పేజీలూ చూపించింది. తేదీలు, కడ్డీ విరిగిందన్న మాట, కింద "చూశాం". గొంతు తగ్గించలేదు. కారిడార్లో పోయేవాళ్లు ఆగి లోపలికి చూశారు.

"ఎవరైనా తర్వాత రాసి ఉండొచ్చు కదమ్మా" అన్నాడాయన. "ఇది రాసిందెవరు?"

వదిన గుమ్మం బయటే నిలబడి ఉంది. లోపలికొచ్చింది.

"నేనే సార్."

ఆయన ఫైల్లోంచి ఇంకో కాగితం తీశాడు. "మరి ఇది?"

"అదీ నేనే. పుస్తకంలో ఉన్నది కళ్లారా చూసి రాశాను. ఈ సంతకం కుర్చీ కోసం పెట్టాను."

సూపరింటెండెంటు ఆ రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. రిపేరు సెక్షన్ వాళ్లని పిలిపించాడు. వాళ్లు పుస్తకంలో తమ సంతకాలు చూసి, కాదనలేక, అవుననలేక నేల చూపులు చూశారు.

మర్నాడు కంపెనీ వాళ్లు రాలేదు. విచారణ అయ్యేదాకా మూడు నెలలు ఆగమన్నారంట. కాగితం మీద "అజాగ్రత్త" అన్న మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పంపారు. మూడు నెలల తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలీదు. వదిన సూపర్‌వైజరు ఉద్యోగం మాత్రం ఆ సాయంత్రమే పోయింది.

సోమవారం రోలర్ మళ్లీ వేడెక్కింది. ముందు కొత్త కడ్డీ, ఇంకా రంగు వాసన కూడా పోలేదు. వదిన పుస్తకం పట్టుకుని ఎప్పటి చోటే నిలబడింది. వారం రోజులు వీళ్లిద్దరి మధ్యా అంకెలు తప్ప మాటల్లేవు. "నలభై." "నలభై." "రెండు చిరిగాయి." "రాశా."

ఎనిమిదో రోజు వదిన పుస్తకం మూసి దగ్గరికొచ్చింది. "ఎన్నాళ్లే ఇలా. మూడు విజిళ్లూ ఒక్కసారి వేసెయ్. నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను. నీకూ తేలికవుతుంది."

కుక్కరక్క తడి దుప్పటి కొసలు దొరకబుచ్చుకుంది. వంగని వేళ్ల మీదుగా దాన్ని సర్దుకుని రోలర్‌కి అందించింది.

"తిడితే తేలికయ్యేది నీకు వదినా" అంది. "తిట్టను. రాసుకో, నలభై ఒకటి."